లెక్క నడిచిన దారి

శ్రీకాళహస్తి అనగానే మీకు వాయులింగం గుడీ, సువర్ణముఖి నదీ గుర్తుకు వస్తాయి. మీ అమ్మగారికైతే వాటితోబాటు కలంకారీ బట్ట కూడా గుర్తుకు వస్తుంది. తిరుపతికి తూర్పుగా నలభై కిలోమీటర్ల లోపునే ఉన్న ఈ ఊళ్ళో, అచ్చులతో గాక కలంతో బట్టమీద బొమ్మలు వేస్తారు. కలమంటే మనం రాసుకునే కలం కాదు. వెదురుపుల్ల చివర మొనగా చెక్కి, దానికి కొంచెం పైగా ఉన్నిగాని గుడ్డపీలికగాని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టను రంగులో ముంచి వేళ్ళతో మెల్లిగా నొక్కుతూ ఉంటే, పుల్లమొన వెంట రంగు దిగుతుంది.

పూర్తి అయిన బట్టను చూస్తే నల్లని గీతలూ, ఎర్రని చీరెలూ, పసుపుపచ్చని కిరీటాలూ కనబడతాయి. అవి ఏ క్రమంలో వచ్చాయో మాత్రం బట్ట చెప్పదు. ముందుగా నూలుబట్టను కరక్కాయపొడీ, పాలూ కలిపిన నీళ్ళలో తడిపి ఆరవెయ్యాలి. పాలు లేకపోతే రంగు పక్కలకు పాకుతుంది. తుప్పు పట్టిన ఇనుపముక్కలూ, బెల్లమూ రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళతో గీత గీస్తే, అది కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట మొదట పటికనీళ్ళు పూయాలి. ఆ తరవాత ఎర్రరంగునిచ్చే చెక్కలూ వేళ్ళూ వేసి బట్టను ఉడకబెడితే, పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది. తగలని చోట ఉతుకులో పోతుంది. ఒక మెట్టు తప్పినా, రెండు మెట్లు తారుమారైనా శ్రమంతా వృథా. ఆ క్రమం పనివాళ్ళ చేతుల్లో ఉన్నది గాని, బట్టమీద లేదు.

లెక్కకు వచ్చిన జవాబు కూడా ఇటువంటిదే. "మా ఊళ్ళో ఆ వారం సగటున రోజుకు 13 మిల్లీమీటర్ల వాన పడింది," అని ఎవరైనా మీతో అన్నారనుకోండి. ఆ 13 చూడటానికి శుభ్రంగా ఉన్నది. కాని అది ఎట్లా వచ్చింది? ఎన్ని రోజులు కలిపారు? ఏ రోజునైనా వదిలేశారా? ఎవరైనా అంకె తప్పుగా రాశారా? ఇవేవీ ఆ 13 చెప్పలేదు. జవాబుతోబాటు జవాబు నడిచి వచ్చిన దారిని కూడా దాచిపెట్టే ఉపాయం ఒకటి ఉన్నది. అది కంప్యూటరులో జరిగే పని. అయినా భయపడనవసరం లేదు. ముందు చేత్తో లెక్క కడదాం, తరవాత కంప్యూటరు సంగతి చూద్దాం.

శ్రీకాళహస్తి పిల్లలకు వాన లెక్క కన్న మంచి లెక్క దొరకదు. ఎందుచేతనంటే, ఈ ప్రాంతంలో వాన తిన్నగా పడదు. ఏడాదిలో చాలా భాగం సువర్ణముఖి ఇసుకమేటగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే రెండు మూడు రోజుల్లోనే ఏరు పొంగి పొర్లుతుంది. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో కురిసిన వానలు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. అటువంటి చోట "సగటు వాన" అనే మాటను కొంచెం అనుమానంగానే చూడాలి. ఎందుకో చెబుతాను.

మీ బడి ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టారనుకోండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని చూసి అంకె రాసుకోవాలి. మన వాతావరణశాఖవాళ్ళు వాన కొలతను చూసేది కూడా ఆ వేళకే. ఒక నవంబరు వారంలో ఏడు రోజులకు మిల్లీమీటర్లలో ఈ అంకెలు వచ్చాయనుకుందాం. ఇవి నేను మచ్చుకు కల్పించినవి, మీరు మీ ఊరి అంకెలు వేసుకోవచ్చు:

0, 12, 4, 0, 65, 8, 2

కలిపితే 91. ఏడుతో భాగిస్తే 13. అదే సగటు. ఇప్పుడు అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా నిలబెట్టండి: 0, 0, 2, 4, 8, 12, 65. సరిగా నడుమ నిలబడినది 4. దీన్ని మధ్యగతం అంటారు; ఏడో తరగతి చదివేవాళ్ళకు ఈ మాట తెలుసు. ఒకే వారానికి సగటు 13, మధ్యగతం 4. ఏడు రోజుల్లో ఆరు రోజులు 13 కన్న తక్కువ వానే పడింది! అయిదోనాటి 65 ఒక్కటే సగటును పైకి లాక్కుపోయింది. వాతావరణశాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటితే అది "భారీ వర్షం". రెండున్నర మిల్లీమీటర్లయినా పడకపోతే దాన్ని వాన రోజుగానే లెక్కించరు. ఆ ప్రకారం మన వారంలో వాన రోజులు నాలుగే.

ఏడు అంకెలు కనక పలకమీద చేసేశాం. ముప్ఫై ఏళ్ళపాటు రోజుకొక అంకె రాస్తే దాదాపు పదకొండు వేల అంకెలు అవుతాయి. అప్పుడు కంప్యూటరు కావాలి.

కంప్యూటరులో లెక్క అనగానే చాలామంది గళ్ళ కాగితం లాంటి పట్టిక తెరుస్తారు. గళ్ళలో అంకెలు కొట్టి, మౌసుతో గీచి, ఒక మూల సూత్రం పెడితే జవాబు వస్తుంది. ఇంటి ఖర్చులకు అది చక్కని సాధనమే. దానిలో లోపం ఏమిటంటే, సూత్రం గడి వెనక దాగి ఉంటుంది. పైకి కనిపించేది జవాబు మాత్రమే. మనం కలంకారీ బట్టను చూస్తున్నట్టే.

దీనివల్ల ఎంత పని జరిగిందో వినండి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరుపొందిన ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక వ్యాసం ప్రకటించారు. ఒక దేశపు అప్పు ఆ దేశం ఏడాదికి సంపాదించే దానిలో నూటికి 90 వంతులు మించితే, దేశం ఎదుగుదల బాగా తగ్గిపోతుందని ఆ వ్యాసం చెప్పింది. అనేక దేశాలలో మంత్రులూ, శాసనసభ్యులూ ఆ మాటను పట్టుకుని, ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలని వాదించారు. ఖర్చు తగ్గించటమంటే ఎక్కడో ఒకచోట ఉద్యోగాలు పోవటం, బళ్ళకూ ఆసుపత్రులకూ డబ్బు తగ్గటం అన్నమాట.

అమెరికాలో ఆమ్‌హెర్స్ట్ అనే ఊళ్ళో ఉన్న మాసచూసెట్స్ విశ్వవిద్యాలయంలో టామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి చదువుతుండేవాడు. అతని తరగతిలో ఒక అభ్యాసం ఇచ్చారు: పేరుపొందిన వ్యాసం ఒకటి తీసుకుని, అందులోని లెక్కను మళ్ళీ చేసి అదే జవాబు తెప్పించాలి. అతను ఈ వ్యాసాన్ని ఎన్నుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా ఆ జవాబు రాలేదు. చివరకు ఆ శాస్త్రజ్ఞులనే అడిగితే, వాళ్ళు మంచిగా తమ పట్టికను పంపించారు. హెర్న్‌డన్ ఒక గడిలో ఉన్న సగటు సూత్రాన్ని తెరిచి చూశాడు. ఇరవై దేశాల వరసలు కలపవలసినచోట అది పదిహేను వరసలే కలిపింది! ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయట ఉండిపోయాయి. అతనూ, అతని ఉపాధ్యాయులు ఇద్దరూ కలిసి 2013లో ఈ సంగతి ప్రకటించారు. ఈ పొరపాటుతోబాటు, కొన్ని ఏళ్ళ అంకెలు వదిలెయ్యటం గురించీ, దేశాలను తూచిన పద్ధతి గురించీ కూడా వాళ్ళు ఆక్షేపణలు తెలిపారు. అన్నీ సరిచేస్తే, ఏడాదికి నూటికి 0.1 చొప్పున తగ్గుతుందన్న ఎదుగుదల 2.2 చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. శాస్త్రజ్ఞులు పట్టికలోని పొరపాటును ఒప్పుకున్నారు. తమ అసలు వాదం మాత్రం చెడలేదన్నారు. ఎవరి వాదం సరి అయినా, మూడేళ్ళపాటు ఆ అయిదు దేశాలు లేని సంగతి ఎవరికీ కనపడలేదు గదా!

ఇంకొకటి నవ్వు తెప్పించేది. మన శరీరంలోని జన్యువులకు శాస్త్రజ్ఞులు పొట్టిపేర్లు పెడతారు. ఇంగ్లీషులో "మార్చ్ 1" అనీ, "సెప్ట్ 1" అనీ రాసే పేర్లు కొన్ని ఉండేవి. వాటిని పట్టికలో కొట్టగానే, పట్టిక వాటిని మార్చి ఒకటో తేదీగాను, సెప్టెంబరు ఒకటో తేదీగాను మార్చేసేది! ఎవరూ దాన్ని మార్చమని అడగలేదు. మార్చినట్టు అది చెప్పనూ లేదు. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టే సంఘంవారు విసిగి, జన్యువుల పేర్లే మార్చేశారు.

ఈ మాట చెబుతుంటే శ్రీకాళహస్తి స్థలపురాణం జ్ఞాపకం రాక తప్పదు. "శ్రీ" అంటే సాలెపురుగు, "కాళ" మంటే పాము, "హస్తి" అంటే ఏనుగు అని మీకు తెలుసు. పాము లింగంమీద మణులు పెట్టి పోయేది. ఏనుగు వచ్చి, ఇవేవో రాళ్ళని తోసేసి, తొండంతో నీళ్ళు పోసి ఆకులు పెట్టి పోయేది. పాము వచ్చి ఆకులు చూసి మండిపడేది. రెండూ భక్తితోనే చేశాయి. తాను చేసినదేమిటో, ఎందుకు చేసిందో ఒకరు చెప్పినట్టు రెండోవారికి తెలియకపోవటంచేత కదా పోట్లాట ప్రాణాలమీదికి వచ్చింది! ఒకే పట్టికమీద నలుగురు పనిచేసే కచేరీలలో ఇటువంటి పోట్లాటలు రోజూ జరుగుతూనే ఉంటాయి, ప్రాణాలు పోవటం తప్ప.

సరే, ఉపాయం ఏమిటో చూద్దాం. లెక్కను గళ్ళలో దాచకుండా, ఉత్తరం రాసినట్టు మాటల్లో, పంక్తి తరవాత పంక్తిగా రాయటం. దీనికి మూడు వస్తువులు కావాలి.

మొదటిది లెక్క చేసే భాష. దాని పేరు "ఆర్", ఇంగ్లీషులో ఒకే ఒక అక్షరం. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ చేంబర్స్, ఆయన తోటివారూ గణాంకశాస్త్రం కోసం "ఎస్" అనే భాష తయారుచేశారు. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు దాన్ని పోలిన మరొక భాష తయారుచేశారు. ఇద్దరి పేర్లూ "ఆర్" అక్షరంతోనే మొదలవుతాయి. పైగా ఇంగ్లీషు అక్షరమాలలో "ఎస్"కు ముందున్నది "ఆర్". అందుకని ఆ పేరు పెట్టారు. 1995లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని, విప్పి చూసి మార్చుకోవచ్చునని ప్రకటించారు. అట్లా చెయ్యమని వాళ్ళను ప్రోత్సహించినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టిన్ మెష్లర్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండోది రాసుకునే పలక. కంప్యూటరులో దీన్ని ఎడిటర్ అంటారు. ఎడిటర్‌లో అక్షరాలకు లావూ సన్నమూ, రంగు కాగితమూ వంటి అలంకారాలు ఉండవు. రాసినది రాసినట్టుగా ఉంటుంది. ఎడిటర్లలో చాలా పాతది "ఈమ్యాక్స్". ఇది కూడా 1976లోనే పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన దాన్ని 1980ల్లో మళ్ళీ కొత్తగా రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఈమ్యాక్స్ గొప్పతనం ఏమిటంటే, దానికి కొత్త విద్యలు నేర్పవచ్చు. ఇంట్లో వేసే అటకలాగా, ఉన్నదానికి అదనంగా తగిలించవచ్చు. అట్లా తగిలించేదాన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు.

మూడోది ఆ ఎక్స్‌టెన్షనే. భాష ఒకచోట, పలక ఒకచోట ఉంటే పలకమీద రాసినదాన్ని మళ్ళీ భాష ముందు కొట్టాలి. అది రెండింతల చాకిరీ. నడుమ తప్పులు దొర్లుతాయి. అందుచేత గణాంకశాస్త్రజ్ఞులు కొందరు ఈమ్యాక్స్‌కు "ఎస్" భాషతో మాట్లాడటం నేర్పారు. మరికొందరు వేరే గణాంక భాషలతో మాట్లాడటం నేర్పారు. 1990ల్లో ఇవన్నీ కలిసి ఒకటైనాయి. దానికి "ఈమ్యాక్స్ స్పీక్స్ స్టాటిస్టిక్స్" అని పేరు పెట్టారు. అంటే "ఈమ్యాక్స్ గణాంకాలు మాట్లాడుతుంది" అని అర్థం. పొట్టిగా "ఇ-ఎస్-ఎస్" అంటారు. ఆంటొనీ రొస్సీనీ, రిచర్డ్ హైబర్గర్, రాడ్నీ స్పారపాని, కుర్ట్ హోర్నిక్ అనేవారు దీని వెనక ఉన్నారు. వాళ్ళతోబాటు మార్టిన్ మెష్లర్ కూడా! 2004లో ఈ అయిదుగురూ కలిసి దాన్ని గురించి ఒక శాస్త్రపత్రికలో వివరంగా రాశారు.

ఇక పనిలోకి దిగుదాం. ఈమ్యాక్స్ తెరిచి, కొత్త ఫైలుకు "వాన" అని పేరు పెట్టి, చివర చుక్క, ఆపైన "ఆర్" అక్షరం తగిలించండి. పేర్లూ మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి; ఇక్కడ నేను మనం పలికేటట్టు రాస్తున్నాను. ఆ చివరి అక్షరం చూడగానే ఇ-ఎస్-ఎస్ మేలుకుంటుంది. ఇప్పుడు ఆల్ట్ మీటా, ఎక్స్ మీటా కలిపి నొక్కి, పెద్ద "ఆర్" అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. "ఏ సంచిలో పనిచెయ్యమంటావు?" అని అడుగుతుంది, ఫైలు ఉన్న సంచినే చూపించండి. తెర రెండు భాగాలవుతుంది. ఒకవైపు మీరు రాసే కాగితం. రెండోవైపు ఆర్ కూచుని, మీరేం చెబుతారా అని చూస్తుంటుంది.

కాగితంమీద మొదటి పంక్తి: "వాన" అని రాసి, చిన్నదనే గుర్తూ అడ్డగీతా కలిపి ఎడమవైపు బాణంలాగా వేసి, "సి" అక్షరం కొట్టి, కుండలీకరణాల మధ్య ఏడు అంకెలూ కామాలతో రాయండి. "సి" అంటే కలిపి ఒక మూటగా కట్టమని. ఈ ఏడంకెలనూ మూటకట్టి, ఆ మూటకు వాన అని పేరు పెట్టు అని దీని అర్థం. ఇప్పుడు కంట్రోల్ మీట పట్టుకుని ఎంటర్ నొక్కండి. మీ పంక్తి అవతలివైపుకు పోతుంది, ఆర్ దాన్ని చదువుకుంటుంది. ఇవతల మీ కాగితంమీద పంక్తి చెక్కుచెదరదు, చుక్కాని మాత్రం కింది పంక్తికి దిగి, "తరవాత?" అన్నట్టు నిలబడుతుంది.

రెండో పంక్తి: "మీన్", కుండలీకరణాల్లో "వాన". కంట్రోల్, ఎంటర్. అవతలివైపున 13. మూడో పంక్తి: "మీడియన్", మళ్ళీ "వాన". అవతల 4. పలకమీద చేసిన లెక్క ఇదే. ఏ పంక్తికి ఏ జవాబు వచ్చిందో పక్కపక్కనే కనబడుతున్నది.

ఇక్కడే అసలు తమాషా ఉన్నది. మీ స్నేహితుడు అంకెలు కొడుతూ, 65 అనవలసినచోట 650 కొట్టాడనుకోండి. మొత్తం 676 అవుతుంది, సగటు 96.57కు ఎగురుతుంది. మధ్యగతం ఎంతవుతుందో చెప్పగలరా? కాగితం తీసుకుని చూడండి, తొందరలేదు. అది 4గానే ఉంటుంది! వరసలో ఆఖరున ఉన్నవాడు ఎంత పొడుగైతేనేం, నడుమ ఉన్నవాడు మారడు. సగటూ మధ్యగతమూ హఠాత్తుగా ఇంత దూరమైనాయంటే ఎక్కడో ఏదో జరిగిందన్నమాట. అప్పుడు మొదటి పంక్తికి పోయి కళ్ళతో చూస్తే 650 దొరుకుతుంది.

దొరికిన తరవాత ఏం చెయ్యాలి? దాన్ని చెరిపేసి 65 కొట్టవచ్చు. నాకు మాత్రం అంతకన్న మంచిదనిపించేది మరొకటి ఉన్నది. మొదటి పంక్తిని అట్లాగే ఉంచి, కింద మరొక పంక్తిలో "అయిదో అంకెను 65 చెయ్యి" అని రాయండి. దానికి పైన హ్యాష్ గుర్తు పెట్టి, "బడి నోటు పుస్తకంలో 65 అని ఉన్నది, కొట్టటంలో సున్న ఎక్కువ పడింది," అని మీ మాటల్లో రాయండి. హ్యాష్ గుర్తు వెనక ఉన్నదాన్ని ఆర్ చదవదు. అది మనుషుల కోసం. పాము ఏనుగుకు వదిలిపెట్టవలసిన చీటీ అదే.

మరొక చిక్కు. నాలుగోనాడు వర్షమాపకంలో ఏమీ లేదని సున్న రాశాం. నిజానికి ఆ రోజు తెల్లవారుజామున మేక ఒకటి దాన్ని తన్ని పడేసిందని కాపలా తాత తరవాత చెప్పాడనుకోండి. అప్పుడు ఆ సున్న అబద్ధం. వాన పడలేదని కాదు, ఎంత పడిందో తెలియదు. ఈ రెంటికీ చాలా తేడా ఉన్నది. "తెలియదు" అనటానికి ఆర్ భాషలో రెండక్షరాల మాట ఉన్నది: "ఎన్-ఏ". నాలుగో అంకె స్థానంలో ఎన్-ఏ పెట్టి సగటు అడగండి. ఆర్ 13 అనదు, మరే అంకె కూడా అనదు. "ఎన్-ఏ" అంటుంది. ఒక రోజు తెలియనప్పుడు ఏడు రోజుల సగటు నాకెట్లా తెలుస్తుందని దాని భావం. ఆ మొండితనం నాకెంతో నచ్చుతుంది. తెలియనిదాన్ని వదిలేసి తెలిసిన ఆరు రోజులకే సగటు కట్టమని మీరు నోరు విప్పి చెప్పాలి. అందుకు వేరే మాట ఉన్నది, అదీ కాగితంమీదికి ఎక్కుతుంది. అప్పుడు 91ని ఆరుతో భాగించి, 15.16667 అని జవాబు ఇస్తుంది. మధ్యగతం 6 అవుతుంది. రేపు ఎవరైనా, "మీరు 15 అన్నారు, మా లెక్కలో 13 వచ్చిందేం?" అని అడిగితే, మీరు ఆ పంక్తి చూపించవచ్చు. మేక సంగతి కూడా చెప్పవచ్చు.

ఇ-ఎస్-ఎస్ ఇంకా చిన్నచిన్న ఉపకారాలు చేస్తుంది. మాటలకూ, అంకెలకూ, హ్యాష్ వెనక రాతకూ వేరువేరు రంగులు వేస్తుంది. కుండలీకరణం తెరిచి మూయటం మరిచిపోతే తెలిసిపోతుంది. మాట సగం కొడితే మిగతా సగం తాను అందిస్తుంది. ఏదైనా మాట అర్థంకాకపోతే ఆర్ భాష సహాయపుటను అక్కడే తెరిచి పెడుతుంది. ఇవన్నీ లేకపోయినా పని నడుస్తుంది. కంట్రోల్, ఎంటర్ లేకపోతే మాత్రం నడవదు.

ఈమ్యాక్స్ మీటలు నేర్చుకోవటం మొదట్లో కష్టమే. దాన్ని దాచి లాభంలేదు. ఫైలును భద్రపరచటానికి కూడా కంట్రోల్ పట్టుకుని ఎక్స్, ఆ వెంటనే కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కాలి. మొదటి వారం వేళ్ళు తికమకపడతాయి. అంత ఓపిక లేనివాళ్ళకు మైక్రోసాఫ్ట్‌వారు 2015లో బయటపెట్టిన "విజువల్ స్టూడియో కోడ్" అనే ఎడిటర్ ఉన్నది. దానికి కూడా ఆర్ భాష నేర్పే ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది. అందులో కూడా పంక్తిని పంపేది కంట్రోల్, ఎంటర్ మీటలే. తల్లిదండ్రులకు ఒక మాట: ఆర్, ఈమ్యాక్స్, ఇ-ఎస్-ఎస్, విజువల్ స్టూడియో కోడ్, వీటిలో దేనికీ డబ్బు కట్టనవసరం లేదు. కొంచెం పాత కంప్యూటరు అయినా చాలు.

ఇంత సులువుగా లెక్కలు అవుతుంటే, పూర్వం వాళ్ళు ఎట్లా చేశారో తెలుసుకోవాలని మీకు ఉండవచ్చు. మన తెలుగువాళ్ళలో కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ప్రపంచమంతా మెచ్చిన గణాంకశాస్త్రజ్ఞులు. 1920 సెప్టెంబరు 10న, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగళిలో పుట్టారు. తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం కావటంచేత కృష్ణుడి పేరు పెట్టారట. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, కలకత్తాలో ప్రశాంత చంద్ర మహాలనోబిస్‌గారు నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. రెండు జనసమూహాలు ఒకదానికొకటి ఎంత దగ్గరో, ఎంత దూరమో అనేక కొలతలను బట్టి చెప్పే పద్ధతిని మహాలనోబిస్‌గారు కనిపెట్టారు. 1946లో రావుగారిని కేంబ్రిడ్జికి పిలిచారు. సూడాన్ దేశంలో జెబెల్ మోయా అనేచోట తవ్వకాలలో బయటపడిన పురాతన మానవుల ఎముకల కొలతలు అక్కడ ఉన్నాయి. ఆ మనుషులు ఎవరికి దగ్గరివారో మహాలనోబిస్ పద్ధతిలో తేల్చటం ఆయన పని. మన దేశానికి ఎలక్ట్రానిక్ కంప్యూటరు వచ్చింది 1950ల మధ్యలో. అందుచేత ఆ కూడికలూ గుణకారాలూ అన్నీ బల్లమీది లెక్కల యంత్రాలతో, కాగితాలతో జరిగినవే. ఆ పనిలో ఉండగానే ఆయన ఆర్. ఎ. ఫిషర్ అనే మహాశాస్త్రజ్ఞుడి దగ్గర 1948లో డాక్టరేటు పూర్తిచేశారు. జెబెల్ మోయా పుస్తకం 1955లో వెలువడింది. రావుగారు 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమానం అందుకుని, ఆ ఏడే ఆగస్టు 22న, నూట రెండేళ్ళు నిండి, నూట మూడోది నిండబోతుండగా కన్నుమూశారు.

ఇప్పుడు మీరు ఆర్ ముందు కూచుని, చిన్న అక్షరాలతో "మహాలనోబిస్" అని కొట్టి చూడండి. అది ఆర్ భాషలో ఒక మాట! కొలతల పట్టికను ఇస్తే, ఆ దూరాలు రెప్పపాటులో కట్టి ఇస్తుంది. కుండలీకరణాలు పెట్టకుండా ఆ మాట ఒక్కటే పంపితే లెక్క చెయ్యదు. తాను లెక్క ఎట్లా చేస్తుందో ఆ పంక్తులన్నీ విప్పి చూపిస్తుంది. పట్టుమని పాతిక పంక్తులు ఉండవు. అర్థంకాకపోయినా ఒకసారి చూడండి.

వాన ఫైలు పూర్తి అయినాక ఒక పరీక్ష పెట్టాలి. చాలామంది ఇది చెయ్యరు. పని చేస్తున్నంతసేపూ మనం కొన్ని మాటలు కాగితంమీద రాయకుండా నేరుగా ఆర్ ముందే కొట్టి ఉంటాం. ఒక పంక్తిని రెండుసార్లు పంపి ఉంటాం, కింది పంక్తిని పైదానికన్న ముందు పంపి ఉంటాం. ఇవేవీ ఫైలులో కనిపించవు. పటిక పుయ్యకుండా ఉడకబెట్టిన బట్టలాంటివి ఇవే. అందుకని ఆర్‌ను ఒకసారి మూసి, మళ్ళీ కొత్తగా తెరవండి. దానికి ఇప్పుడు వానా తెలియదు, మేకా తెలియదు. ఇ-ఎస్-ఎస్‌లో కంట్రోల్ పట్టుకుని సి, మళ్ళీ కంట్రోల్ పట్టుకుని బి నొక్కితే, ఫైలు మొత్తం మొదటి పంక్తి నుంచి ఆఖరి పంక్తి దాకా వరసగా వెళుతుంది. మళ్ళీ 15.16667 వచ్చిందా, దారి సరిగా ఉన్నది. ఎక్కడో ఆగి, "ఈ పేరుగల వస్తువు నాకు దొరకలేదు," అన్నదా, ఆ పంక్తి మీరు కాగితంమీద రాయటం మరిచారు. ఇప్పుడే రాసెయ్యండి, ఇంకా జ్ఞాపకం ఉంటుంది.

ఆ తరవాత ఫైలును మీ పక్క తరగతివాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు వచ్చే నవంబరులో మొదటి పంక్తిలోని ఏడు అంకెలు మార్చి, మిగతావి అట్లాగే పంపుతారు. మీ సున్ననూ, మీ మేకనూ సరిచేసిన పంక్తులు మాత్రం తీసెయ్యాలి. ఎందుకో పక్కనే హ్యాష్ వెనక రాసి ఉన్నది కనక వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పని ముగించి ఆర్‌ను మూసేటప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది: "ఇంతసేపూ మూటగట్టిన సామానంతా దాచిపెట్టమంటావా?" అని. వద్దని చెప్పండి. ఫైలు ఉన్నది కదా.